నెల్లూరు తీరపు ఎండలు: ఉష్ణోగ్రతలను పోల్చు విధము

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. మే నెల చివరి వారములో ప్రారంభమై జూన్ మొదటి వారము వరకు సాగు ఈ కార్తెలో నెల్లూరు పట్టణమున మధ్యాహ్నపు వేళ వీధులు నిర్మానుష్యముగా ఉండును. మరునాటి ఉదయము పత్రిక చేతికి రాగానే పెక్కుమంది ముందుగా చూచునది నిన్నటి ఉష్ణోగ్రతల పట్టిక. నెల్లూరులో 43 డిగ్రీలని అందులో ఉన్నదనుకొందము. మైపాడునుండి వచ్చినవాడు, "మాకు పన్నెండు గంటలకే చల్లగాలి తిరిగినది, అంత ఎండ ఎక్కడిది?" అనును. ఆత్మకూరునుండి వచ్చినవాడు, "43 ఏమిటి, మా ఊళ్ళో ఇంకను ఎక్కువే" అనును. పట్టణములోనే కాపురముండు మూడవవాడు తన సెల్‌ఫోనులో 46 అని ఉన్నదని చూపును.

ఈ నలుగురిలో ఎవరిమాట నిజము? ఒక విధముగా అందరి మాటయు నిజము కావచ్చును. ఒకే దినమున, ఒకే జిల్లాలో, ఇరువది కిలోమీటర్ల దూరములోనే ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారుట తీర ప్రాంతములలో సామాన్యమైన విషయము. కాని ఈ అంకెలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి, "ఇది రికార్డు, ఇది కాదు" అని తీర్పు చెప్పుటకు ముందు, అవి ఎట్లు పుట్టినవో తెలిసికొనవలెను. ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన విషయము కాదు. 2003వ సంవత్సరపు వేసవిలో ఆంధ్రప్రదేశములో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించిరి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి మృతుల సంఖ్య సుమారు రెండు వేలు. ఏ అంకెను చూచి హెచ్చరిక చేయవలెను, ఏ అంకెను చూచి పని ఆపవలెను అనునది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

దేని ఉష్ణోగ్రత?

వాతావరణ శాస్త్రజ్ఞులు "ఉష్ణోగ్రత" అన్నప్పుడు వారి ఉద్దేశము ఎండ ఉష్ణోగ్రత కాదు, నేల ఉష్ణోగ్రత కాదు. నీడలో ఉన్న గాలి ఉష్ణోగ్రత. ఈ భేదము చాల ముఖ్యమైనది. మే నెల మధ్యాహ్నము తారురోడ్డుపై ఉష్ణమాపకమును ఉంచినచో అది 60 డిగ్రీలకు పైగా చూపవచ్చును. ఎండలో వ్రేలాడదీసిన ఉష్ణమాపకము గాలి వేడిమినే గాక, సూర్యకిరణములను తానే పీల్చుకొని, తన సొంత వేడిమిని కూడ చూపును. అట్టి అంకె ఆ పరికరమును గూర్చి చెప్పునే గాని, గాలిని గూర్చి చెప్పదు.

అందువలన ప్రపంచమంతటను ఉష్ణమాపకములను ఒకే విధమైన పెట్టెలో ఉంచుట ఆచారమైనది. దీనికి స్టీవెన్సన్ తెర అని పేరు. థామస్ స్టీవెన్సన్ అను స్కాట్లండు దేశపు ఇంజనీరు 1864 ప్రాంతమున దీనిని రూపొందించెను. ఆయన దీపస్తంభములను నిర్మించిన ప్రసిద్ధుడు. నవలాకారుడైన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి. ఈ పెట్టె గోడలు ఏటవాలు చెక్కలతో రెండు వరుసలుగా ఉండును. గాలి ధారాళముగా లోపలికి వచ్చిపోవును, ఎండ మాత్రము రాదు. పెట్టెకు తెల్లరంగు వేయుదురు. మన దేశములో దాని తలుపు ఉత్తరపు వైపునకు ఉండును. ఉష్ణమాపకము నేలనుండి సుమారు నాలుగడుగుల ఎత్తున ఉండును. చుట్టును ఎత్తైన భవనములుగాని, చెట్లుగాని, సిమెంటు తలముగాని లేని బయలుప్రదేశము దీనికి కావలెను.

ఈ పెట్టెలో నాలుగు పరికరములు ఉండును. పొడి గోళపు ఉష్ణమాపకము ఆ క్షణపు ఉష్ణోగ్రతను చూపును. తడిగుడ్డ చుట్టిన తడి గోళపు ఉష్ణమాపకము గాలిలోని తేమను కనుగొనుటకు పనికివచ్చును. గరిష్ఠ ఉష్ణమాపకములో పాదరసపు గొట్టము ఒకచోట సన్నముగా నొక్కబడి ఉండును. వేడికి పాదరసము వ్యాకోచించి ఆ ఇరుకును దాటి పైకి పోవును. చల్లబడినప్పుడు మరల క్రిందికి దిగలేదు. కనుక దినములో పొందిన అత్యధిక ఉష్ణోగ్రత అక్కడనే నిలిచిపోవును. జ్వరము చూచు గాజు థర్మామీటరులో ఉన్న ఏర్పాటు కూడ ఇదియే. కనిష్ఠ ఉష్ణమాపకములో సారాయముతోపాటు ఒక చిన్న సూచిక ఉండి, రాత్రి పొందిన అత్యల్ప ఉష్ణోగ్రత వద్ద ఆగిపోవును. పరిశీలకుడు ఉదయము 8-30కును, సాయంకాలము 5-30కును వీనిని చూచి వ్రాసికొనును. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడినది మొదలు ఇట్టి ఏకరూపతను సాధించుటయే దాని ముఖ్యకార్యములలో ఒకటిగా ఉన్నది.

ఇప్పుడు మన మూడవవాని సెల్‌ఫోను సంగతి తెలియును. అందులోని అంకె సాధారణముగా ఏ పెట్టెలోనిదియు కాదు. కంప్యూటరు గణితముచేత ఊహింపబడినది. పైగా తేమను కూడ కలిపి, శరీరమునకు ఎంతగా తోచునో అట్టి అంకెను కొన్ని ఫోనులు చూపును. దానిని పరిశోధనాలయపు అంకెతో పోల్చుట తూకమును కొలతతో పోల్చుట వంటిది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నది ఏప్రిలులో, ఎండ మండునది మే నెలలో

నెల్లూరు పట్టణము సుమారు 14½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున, పెన్నానది దక్షిణపు ఒడ్డున ఉన్నది. ఈ అక్షాంశమున సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిన ఉండునది ఏప్రిల్ నెల చివరి దినములలో. ఆగస్టు నెల మధ్యలో తిరుగు ప్రయాణమున మరియొకసారి నడినెత్తికి వచ్చును. మరి ఎండలు మే చివరను, జూన్ మొదటను అంతగా మండనేల?

దీనికి రెండు కారణములు. మొదటిది, నేల వేడెక్కుటకు కొంతకాలము పట్టును. పొయ్యిమీద పెట్టిన కుండ మంట పెట్టిన క్షణముననే కాగదు గదా. పగలు సంపాదించిన వేడిమి రాత్రి పోగొట్టుకొనిన వేడిమికంటె ఎక్కువగా ఉన్నంతకాలము నిలువ పెరుగుచునే ఉండును.

రెండవ కారణము గాలి. మే నెల గడచుకొలది పడమటి గాలులు బలపడును. ఈ గాలి రాయలసీమ పీఠభూమిమీద ఎండిన నేలను తాకి, వెలికొండలను దాటి, నెల్లూరు మైదానములోనికి దిగును. దిగు గాలిపై పీడనము పెరుగును. పీడనము పెరిగిన గాలి నొక్కబడి వేడెక్కును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరికిని అనుభవమే. పొడిగాలి ఒక కిలోమీటరు దిగినచో దాదాపు 10 డిగ్రీలు వేడెక్కునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కనుక 400 మీటర్లు దిగిన గాలి సుమారు 4 డిగ్రీల అదనపు వేడిమితో మైదానమును చేరును. వడగాడ్పు అని మనము పిలుచునది ఈ పొడి పడమటి గాలినే.

జూన్ ఆరంభములో కేరళతీరమును తాకు నైరృతి ఋతుపవనము నెల్లూరును వెంటనే చల్లబరచదు. పడమటి కనుమలవద్దనే తన తేమలో అధికభాగమును వదలి, ఇక్కడికి వచ్చుసరికి అది పొడిగాలియై ఉండును. నెల్లూరు సీమకు ముఖ్యమైన వర్షములు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనమువలన వచ్చునవి. అందువలననే దేశములోని ఇతర భాగములు చల్లబడిన తరువాత కూడ జూన్ నెలలో ఇక్కడ ఎండలు సాగుచుండును.

సముద్రపు గాలి రాక

పడమటి వడగాలికి ఎదురుగా నిలుచునది తూర్పున బంగాళాఖాతము. నీటి విశిష్టోష్ణము ఎక్కువ. అనగా ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు అంతే బరువుగల మట్టికంటె ఎన్నోరెట్లు వేడిమి కావలెను. సూర్యకిరణములు నీటిలో చాల లోతునకు పోవును. అలలు ఆ వేడిమిని క్రిందికి కలుపుచుండును. ఈ కారణములచేత మే నెలలో సముద్రపు ఉపరితలము 30 డిగ్రీల ప్రాంతముననే ఉండగా, నేలమీది గాలి 40 డిగ్రీలు దాటును. వేడెక్కిన నేలమీది గాలి తేలికపడి పైకి లేచును. దాని స్థానమును ఆక్రమించుటకు సముద్రముపైనున్న చల్లని బరువైన గాలి ఒడ్డునకు వచ్చును. ఇదియే సముద్రపు గాలి.

ఈ గాలి ఏ గంటకు వచ్చిన దనునదే తీరములోని ప్రతి ఊరి గరిష్ఠ ఉష్ణోగ్రతను నిర్ణయించును. ఒక ఉదాహరణమును తీసికొందము. మైపాడు ఒడ్డున మధ్యాహ్నము 12 గంటలకు గాలి తిరిగిన దనుకొందము. అప్పటికి అక్కడ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. చల్లగాలి రాగానే అది రెండు మూడు డిగ్రీలు తగ్గి, ఆ దినమున మరల 37కు చేరదు. కనుక ఆ దినపు గరిష్ఠము 37. నెల్లూరు అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు పడమరగా ఉన్నది. సముద్రపు గాలి గంటకు 10 కిలోమీటర్ల వేగమున లోపలికి సాగినచో నెల్లూరును చేరునప్పటికి 2 గంటలు అగును. ఆ రెండు గంటలును నెల్లూరు ఎండలో కాగుచునే ఉండును. గంటకు రెండు డిగ్రీల చొప్పున పెరిగినను 41 డిగ్రీలు అగును. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఈ గాలి సాయంకాలమునకు గాని చేరదు. ఒక్కొక్క దినము అసలు చేరనే చేరదు. ఇక కావలి, నెల్లూరుకంటె సముద్రమునకు దగ్గరగా ఉన్నది. దాని దూరము దాదాపు సగము మాత్రమే. కావలి, నెల్లూరు అంకెలలో కనబడు భేదములకు ఈ దూరము ఒక కారణము.

పడమటి గాలి బలముగా ఉన్న దినమున ఈ లెక్క తలక్రిందులగును. సముద్రపు గాలి ఒడ్డు దాటలేక ఆగిపోవును. మూడు గంటలవరకు గాలి తిరుగనిచో ఒడ్డునే ఉన్న ఊళ్ళు సైతము 42, 43 డిగ్రీలు చూచును. తీరప్రాంతములలో అసాధారణమైన రికార్డులు సాధారణముగా ఇట్టి దినములలోనే నమోదగును. మద్రాసునగరములో నుంగంబాకము వాతావరణ కేంద్రము సముద్రమునకు నాలుగైదు కిలోమీటర్ల దూరములోనే ఉన్నది. మే నెలలో అక్కడి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీల ప్రాంతము. అయినను 2003 మే 31వ తేదీన అక్కడ 45 డిగ్రీలు నమోదైనవి. సముద్రము ప్రక్కన ఉన్నంతమాత్రమున రక్షణ ఉన్నదనుకొనరాదని ఈ ఒక్క అంకె చెప్పుచున్నది.

ఒకే పట్టణములో తేడాలు

ఒక పట్టణములో నాలుగు చోట్ల నాలుగు పరికరములను ఉంచినచో నాలుగు అంకెలు వచ్చును. పెన్నా ఒడ్డున, వరిపొలముల ప్రక్కన, చెరువుగట్టుపై ఉన్న పరికరము తక్కువ చూపును. తడినేలలో సూర్యుని వేడిమి కొంత నీటిని ఆవిరి చేయుటకు వ్యయమగును గనుక గాలికి చేరునది తక్కువ. సిమెంటు కట్టడముల నడుమ, తారురోడ్డు ప్రక్కన ఉన్నది ఎక్కువ చూపును. లండను నగరపు గాలి చుట్టుప్రక్కల పల్లెలలోని గాలికంటె వెచ్చగా ఉండునని లూక్ హోవర్డ్ 19వ శతాబ్ది ఆరంభముననే కనుగొనెను. పట్టణపు ఉష్ణద్వీపము అని ఇప్పుడు దీనికి పేరు. ఈ ప్రభావము పగటికంటె రాత్రి ఎక్కువ. పగలు పీల్చుకొనిన వేడిమిని గోడలును, డాబాలును రాత్రియంతయు వదలుచుండును. అందువలన పట్టణములను పోల్చునప్పుడు గరిష్ఠ ఉష్ణోగ్రతనే గాక కనిష్ఠమును కూడ చూడవలెను. రాత్రి 31 డిగ్రీలకు దిగని గదిలో పండుకొనిన మనిషి శరీరము మరునాటి ఎండకు సిద్ధముగా ఉండదు.

నేడు మండలములలో స్వయంచాలిత కేంద్రములు వెలసినవి. వీనిలో పాదరసమునకు బదులు విద్యుత్తుతో పనిచేయు పరికరములు ఉండును. పాదరసము విషపదార్థము గనుక దాని వాడుకను తగ్గించుటకు ప్రపంచదేశములు 2013లో మినమాటా ఒడంబడికను చేసికొనినవి. అది 2017లో అమలులోనికి వచ్చినది. కొత్త పరికరములు చురుకైనవి. ఒక్క క్షణముపాటు వీచిన వేడిగాలి తెరను కూడ అవి పట్టుకొనగలవు. పాదరసము మందముగా కదలును గనుక అట్టి క్షణికమైన పోటును చూపదు. ఈ భేదమును సరిచేయుటకు ఒక నిమిషపు సగటును తీసికొనుట మంచి పద్ధతి. ఆ జాగ్రత్త లేనప్పుడు పాత అంకెను, కొత్త అంకెను సూటిగా పోల్చుట సరికాదు.

తొంబది ఏండ్లు నిలిచిన తప్పు

పరికరము, స్థలము, పరిశీలకుడు అను మూడింటిలో ఏది సరిగా లేకున్నను రికార్డు ఎట్లు చెడునో తెలుపుటకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి కలదు. ఉత్తర ఆఫ్రికాలో లిబియాదేశమున, మధ్యధరా సముద్రతీరమునకు ఎంతో దూరము కాని అల్ అజీజియా అను ఊరిలో 1922 సెప్టెంబరు 13వ తేదీన 58 డిగ్రీలు నమోదైనవి. భూగోళ పుస్తకములన్నియు దానిని ప్రపంచపు అత్యధిక ఉష్ణోగ్రతగా ముద్రించినవి. తొంబది సంవత్సరముల తరువాత ప్రపంచ వాతావరణ సంస్థ నియమించిన నిపుణులు పాత చేవ్రాత పుటలను పరిశీలించిరి. పరిశీలకుడు అనుభవము లేనివాడు. వాడినది పాతకాలపు పరికరము. దానిలో సూచికయొక్క సరియైన కొనను గాక రెండవ కొనను చదివినచో సుమారు 7 డిగ్రీలు హెచ్చు వచ్చును. పరికరము ఉన్న తలము ఎడారినేల వంటిది కాదు. చుట్టుప్రక్కల ఊళ్ళ అంకెలతోగాని, ఆ ఊరిలోనే తరువాత వచ్చిన అంకెలతోగాని ఆ 58 పొసగలేదు. 2012 సెప్టెంబరులో ఆ రికార్డును రద్దుచేసిరి. అమెరికాలోని మృత్యులోయలో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీలు దాని స్థానమునకు వచ్చినది.

ఇట్టిదే మన దేశములో ఇటీవల జరిగినది. 2024 మే 29న ఢిల్లీనగరపు ముంగేశ్‌పుర్ స్వయంచాలిత కేంద్రము 52.9 డిగ్రీలు చూపెను. భారతదేశములో అంతకుముందు నమోదైన గరిష్ఠము 2016 మే 19న రాజస్థానములోని ఫలోడీలో 51 డిగ్రీలు. వార్త క్షణములలో దేశమంతట వ్యాపించెను. కాని అదే దినమున నగరములో ముఖ్యకేంద్రమైన సఫ్దర్‌జంగ్ చూపినది 46.8, ఇతర కేంద్రములు 45.2 మొదలు 49.1 వరకు చూపినవి. ఒక్కటి మాత్రమే గుంపునుండి ఇంత దూరముగా నిలుచుట అనుమానమునకు తావిచ్చినది. వాతావరణ శాఖవారు ప్రామాణిక పరికరమును తీసికొనిపోయి ప్రక్కన పెట్టి చూడగా, ముంగేశ్‌పుర్ పరికరము సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపుచున్నదని తేలినది.

ఈ రెండు ఉదాహరణలలోను తప్పును పట్టి ఇచ్చినది ఒకే ఉపాయము: ఇరుగుపొరుగు కేంద్రములతో పోల్చుట. కనుక కేంద్రములు అనేకముగా ఉండుట గందరగోళమునకు కారణము కాదు. ఒకదానికి మరియొకటి సాక్షి.

రికార్డుల గణితము

ఇక గణిత విద్యార్థులు ఆలోచింపదగిన విషయము ఒకటి ఉన్నది. ఒక కేంద్రములో n సంవత్సరముల లెక్కలు ఉన్నవనుకొందము. వాతావరణము మారకుండ స్థిరముగా ఉన్నచో, ఆ n సంవత్సరములలో అత్యధిక ఉష్ణోగ్రత ఏ సంవత్సరములోనైన వచ్చుటకు సమానమైన అవకాశమున్నది. కనుక అది చివరి సంవత్సరముననే వచ్చుటకు సంభావ్యత 1/n. అనగా పదవ సంవత్సరములో కొత్త రికార్డు వచ్చుటకు పదింట ఒక పాలు, నూరవ సంవత్సరములో నూరింట ఒక పాలు అవకాశము కలదు. మొదటి సంవత్సరమును కూడ రికార్డుగా లెక్కించినచో, 1 + 1/2 + 1/3 + ... అను శ్రేణిని కూడగా పది సంవత్సరములలో సగటున సుమారు 2.9 రికార్డులు, నూరు సంవత్సరములలో 5.2 మాత్రమే రావలెను.

దీనినిబట్టి రెండు విషయములు తెలియును. మొదటిది: పది సంవత్సరముల వయస్సుగల కేంద్రములో "చరిత్రలో ఎన్నడును లేని ఎండ" అనుట అంత గొప్ప వార్త కాదు, నూరేండ్ల కేంద్రములో అట్లనుట గొప్ప వార్త. రెండవది: పాత కేంద్రములలో రికార్డులు ఈ లెక్కకంటె తరచుగా వచ్చుచున్నచో వాతావరణము స్థిరముగా లేదని అర్థము. భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901 మొదలు 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని 2020లో వెలువడిన కేంద్ర ప్రభుత్వపు నివేదిక తెలిపినది.

కేంద్రముల సంఖ్య పెరుగుటవలన కూడ ఒక భ్రమ కలుగును. ఏదైన ఒక కేంద్రములో 46 డిగ్రీలు దాటుటకు ఒక వేసవిలో 50కి ఒక పాలు అవకాశము ఉన్నదనుకొందము. 40 కేంద్రములు ఉండి, వాని మధ్య ఏ సంబంధమును లేదనుకొనినచో, కనీసము ఒక్కదానిలోనైన 46 దాటుటకు నూటికి 55 పాళ్ళ అవకాశము ఏర్పడును. నిజముగా ఇరుగుపొరుగు కేంద్రములు కలిసి వేడెక్కును గనుక ఈ అవకాశము కొంత తక్కువ. అయినను సూత్రము మారదు. "జిల్లాలో నేటి అత్యధికము" అని నేడు ప్రకటించు అంకె అనేక కేంద్రములలో గెలిచిన ఒక్కదానిది. దానిని నెల్లూరు పరిశోధనాలయము ఒక్కటే ఉన్ననాటి పాత అంకెతో పోల్చి, అంత తేడాయు ఎండ పెరుగుటయే అనుకొనుట పొరపాటు. ఒకే కేంద్రమును దాని పూర్వచరిత్రతోనే పోల్చవలెను.

తక్కువ డిగ్రీలలో ఎక్కువ ప్రమాదము

అత్యధిక ఉష్ణోగ్రతగల ఊరే అత్యంత ప్రమాదకరమైనదా? నెల్లూరు తీరము ఈ ప్రశ్నకు "కాదు" అని సమాధానము చెప్పుచున్నది. మన శరీరము తన వేడిమిని పోగొట్టుకొను ముఖ్యమార్గము చెమట. చెమట కారుటవలన చల్లదనము రాదు. చెమట ఆరుటవలన వచ్చును. గాలిలో తేమ ఎక్కువైనచో చెమట ఆరదు.

నెల్లూరుకు పడమరగా ఒక ఊరిలో 42 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 25 అనుకొందము. ఇసకపల్లి ఉప్పుమళ్ళ వద్ద అదే వేళకు 36 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 65 అనుకొందము. పత్రికలో మొదటి ఊరు పెద్ద అక్షరములలో వచ్చును. రెండవది ఎవరికిని పట్టదు. కాని తడి గోళపు ఉష్ణమాపకము మొదటిచోట సుమారు 26 డిగ్రీలు, రెండవచోట సుమారు 30 డిగ్రీలు చూపును. తడి గోళము చెమట పట్టిన చర్మమువంటిది. అది ఎంతవరకు చల్లబడగలదో చర్మమును ఇంచుమించు అంతవరకే చల్లబడగలదు. తడి గోళపు ఉష్ణోగ్రత 35 డిగ్రీలైనచో నీడలో ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడ ఎక్కువ గంటలు బ్రతుకజాలడని సిద్ధాంతము చెప్పుచున్నది. యువకులపై ఇటీవల జరిగిన ప్రయోగములలో 31 డిగ్రీల దగ్గరనే శరీరపు వేడిమి అదుపు తప్పుట కనబడినది. ఉప్పుమళ్ళలో పార పట్టి పనిచేయువాడు, రొయ్యల గుంటల గట్టుపై మేత మోయువాడు, పడవను ఒడ్డునకు లాగువాడు నీడలో కూర్చున్నవారు కారు. సముద్రపు గాలి డిగ్రీలను తగ్గించును, తేమను తెచ్చును. హాయిగా తోచు ఆ గాలి ఆగిన మరుక్షణము ఉక్కపోత ప్రారంభమగును.

వడగాడ్పును ప్రకటించుటకు భారత వాతావరణ శాఖ పెట్టుకొనిన నియమములలో ఈ భేదము కొంత గుర్తింపబడినది. మైదానములలో కనీసము 40 డిగ్రీలు ఉండి, సాధారణముకంటె 4.5 డిగ్రీలు మించినప్పుడు వడగాడ్పు, 6.4 డిగ్రీలకు పైగా మించినప్పుడు తీవ్రమైన వడగాడ్పు. 45 డిగ్రీలు చేరినచో ఈ తేడాతో పనిలేకయే వడగాడ్పు, 47 చేరినచో తీవ్రము. తీరములోని కేంద్రములకు మాత్రము 37 డిగ్రీలు ఉండి, సాధారణముకంటె 4.5 మించిన చాలును. కనుక మే నెలలో సగటు 40 డిగ్రీలకు దగ్గరగా ఉండు నెల్లూరులో 43 వచ్చినచో తేడా 3 మాత్రమే. సగటు 36 ఉన్న ఒడ్డు ఊరిలో 41 వచ్చినచో తేడా 5. అంకె చిన్నదైనను అది వడగాడ్పుగా లెక్కింపదగినది. శరీరము తనకు అలవాటైన వేడిమికి సిద్ధముగా ఉండును, అలవాటులేని దానికి ఉండదు. ఈ నియమములోని ఆంతర్యము ఇదియే.

పాఠశాలలో చేయదగిన పని

ఈ విషయమును ఉపాధ్యాయులు చేతలతో బోధింపవచ్చును. నెల్లూరునుండి మైపాడు వరకు గల దారిలో నాలుగైదు పాఠశాలలు కలిసి పనిచేయుట మేలు. వేసవి సెలవులు రాకముందే, మార్చి, ఏప్రిల్ నెలలలో దీనిని ప్రారంభింపవలెను.

మొదట, అన్ని పాఠశాలల ఉష్ణమాపకములను ఒకేచోట, ఒకే బకెట్టు నీటిలో అరగంటసేపు ఉంచి, ఏది ఎంత తేడా చూపుచున్నదో వ్రాసికొనవలెను. ముంగేశ్‌పురములో ఆలస్యముగా చేసిన పనిని ఇక్కడ ముందే చేయుట అన్నమాట. రెండవది, ప్రతి పాఠశాలలోను ఏటవాలు చెక్కలతో తెల్లని పెట్టెను తయారుచేసి, నాలుగడుగుల ఎత్తున, పచ్చిక బయలులో, తలుపు ఉత్తరముగా ఉంచవలెను. మూడవది, ఒక ఉష్ణమాపకపు గోళమునకు పలుచని నూలుగుడ్డ చుట్టి, దాని కొన నీటిగిన్నెలో మునుగునట్లు అమర్చవలెను. నాలుగవది, ఉదయము 9 మొదలు సాయంకాలము 4 వరకు గంటగంటకు రెండు అంకెలను, గాలి వీచు దిక్కును వ్రాయవలెను. గాలిదిక్కును కనుగొనుటకు కర్రకు కట్టిన గుడ్డపేలిక చాలును.

తరువాత అన్ని పాఠశాలల గీతపటములను ఒకే కాగితముపై వేయించినచో, గాలి పడమరనుండి తూర్పునకు తిరిగిన గంట ప్రతి గీతలోను ఒక విరుపుగా కనబడును. ఆ విరుపు ఒడ్డు పాఠశాలలో ముందుగాను, నెల్లూరు పాఠశాలలో తరువాతను వచ్చును. ఆ కాలభేదముతో దూరమును భాగించినచో సముద్రపు గాలి వేగము వచ్చును. ఒకే విరుపు తరువాత పొడి గోళపు గీత దిగుటయు, తడి గోళపు గీత అట్లు దిగకుండుటయు చూచిన విద్యార్థికి తేమ అనగా నేమో మరల చెప్పనక్కరలేదు.

ఈ పరిశీలన చేయు పిల్లలను ఎండలో నిలువనీయరాదు. దాహము లేకున్నను నీరు, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగించుచుండవలెను. ఎవరికైనను తలతిరుగుట, మాట తడబడుట, శరీరము కాలిపోవుచుండుట కనబడినచో అది వడదెబ్బగా భావించి, వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి విసరుచు, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహ తప్పినవారికి నోటిలో నీరు పోయరాదు.

ఇక మొదట కనబడిన ఆ నలుగురి తగవు తీరుట కష్టము కాదు. పత్రిక చెప్పినది పరిశోధనాలయపు పెట్టెలోని గాలి సంగతి. మైపాడువాడు చెప్పినది పన్నెండు గంటలకే తిరిగిన గాలి సంగతి. ఆత్మకూరువాడు చెప్పినది ఆ గాలి చేరని మైదానపు సంగతి. సెల్‌ఫోను చెప్పినది ఒక అంచనా. ఎవరి అంకెయైనను ఎక్కడ, ఏ ఎత్తున, ఏ పరికరముతో, ఏ గంటకు, ఎంత తేమలో, ఎన్ని ఏండ్ల చరిత్రతో అను ఆరు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినప్పుడే దానిని మరియొక అంకెతో పోల్చవచ్చును. అట్లు పోల్చుట నేర్చిన ఊరు రికార్డుకై ఎదురుచూడదు. తడి గోళమును చూచి, ఉప్పుమళ్ళలో పనిని పది గంటలకే ఆపించును.